బూట్ల ఉద్యోగం

“మగవాడి పరువు అతని బూట్లలో ఉంటుంది! పొద్దున్నే బూట్లు తొడుక్కుని గడప దాటేవాడు ఉద్యోగి. ఇంటి చెప్పులతో గదిలో కూర్చునేవాడు రోగి. ఈ రెండూ కాని మూడో రకం మగవాణ్ణి దేవుడు ఇంకా పుట్టించలేదు!”

ఈ మహా సత్యాన్ని శార్షెన్‌గారు బిష్కెక్ నగరంలో, బుర్మాకాన్ ఇంట్లో, గుమ్మానికి ఎదురుగా పెద్దవాళ్ళు కూర్చునే చోట రెండు దిండ్లకు ఆనుకుని, చేతిలో గొర్రె ఎముకతో ప్రకటించారు. ఆయన కాలువల శాఖలో విభాగాధిపతినని వస్తూనే చెప్పుకున్నారు. ఊళ్ళో రోడ్ల పక్కన పారే కాలువలన్నీ తన అనుమతి తీసుకునే పారుతున్నాయన్న గాంభీర్యం ఆ ముఖంలో ఎప్పుడూ ఉంటుంది. కూతురు సెజిమ్‌ను ఈ ఇంటికి ఇవ్వవచ్చునా లేదా అని తేల్చడానికి భార్య గుల్‌సున్‌ను వెంటబెట్టుకుని వచ్చారు.

ఆ మాట వినగానే బుర్మాకాన్ కొడుకు తిలెక్ నోట్లో నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టె ముక్క నమలకుండానే ఆగిపోయింది. ఎందుకంటే అతను ఇంటి చెప్పులతో గదిలో కూర్చునే రకమే!

తిలెక్ ఎక్కడో ఐర్లండ్‌లో ఉన్న కంపెనీకి, బిష్కెక్‌లో తన పడకగదిలో కూర్చుని కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాడు. నెల తిరిగేసరికి జీతం టంచనుగా వచ్చి పడుతుంది. కానీ జీతం బయటివాళ్ళకు కనిపించదు కదా! బిల్డింగు ముందు బెంచీ మీద పొద్దస్తమానం కూర్చునే జూరాకు అసలే కనిపించదు. ఆవిడకు కనిపించేదల్లా, నిండు వయసు కుర్రాడు పట్టపగలు చిరుగుల ట్రాక్‌ప్యాంటుతో చెత్తబుట్ట పట్టుకుని దిగడం.

“పాపం, మీవాడికింకా పని దొరకలేదా వదినా?” అని చేతిలో ఉన్ని అల్లిక ఆపకుండా అడిగేది జూరా. “మావాడికి బ్యాంకులో ఊపిరాడ్డం లేదనుకో. టై కట్టుకుని వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే!”

“మావాడి పని ఇంట్లోనే,” అని బుర్మాకాన్ ఒకసారి నిజం చెప్పి చూసింది.

“అయ్యో, ఒంట్లో బాగుండదా!” అంది జూరా.

ఆ రోజుతో బుర్మాకాన్‌కు నిజం మీద నమ్మకం పోయింది. మొగుడు బతికుండగా వాడిన తోలుసంచీ బయటికి తీసింది. సూటు దులిపింది. బూట్లకు నల్లరంగు పట్టించింది. మర్నాటి నుంచి తిలెక్ పొద్దున్నే సూటేసుకుని, సంచీలో మాంసం కూరిన సంసాలు రెండు పెట్టుకుని, బెంచీకి వినిపించేలా “ఆఫీసుకి వెళ్ళొస్తానమ్మా!” అని అరిచి బయల్దేరేవాడు. వీధి చివరిదాకా దర్జాగా నడిచేవాడు. అక్కణ్ణుంచి చెత్తడబ్బాల వెనకగా చుట్టూ తిరిగి వచ్చి, అదే బిల్డింగు రెండో మెట్లదారిలోంచి యోరిస్ ఇంట్లో దూరేవాడు.

యోరిస్ హాలండ్ దేశస్థుడు. వాళ్ళ ఊళ్ళో ఒక స్నానాలగదికి ఇచ్చే అద్దె ఇక్కడిస్తే రెండు గదులు, బాల్కనీ, బాల్కనీలోంచి మంచుకొండలు, పైగా వారానికోసారి గుర్రపు మాంసం కూడా దక్కుతాయని లెక్కేసుకుని వచ్చేశాడు. ఈ సంగతి వాళ్ళ కంపెనీకి మాత్రం చెప్పలేదు! వాళ్ళ దృష్టిలో అతనింకా రోటర్‌డామ్‌లోనే ఉన్నాడు. కుర్చీ వెనక వానలో తడుస్తున్న కాలువ బొమ్మ ఒకటి వేలాడదీశాడు. బిష్కెక్‌లో ఎండ పేలిపోతున్నా పరదాలు మూసుకుని, “ఇక్కడ ఒకటే ముసురు!” అని కంపెనీవాళ్ళతో వాపోయేవాడు. పెరట్లో “పాలు! మీగడ!” అని అమ్మే మనిషి గొంతెత్తితే, “మా పక్కింటావిడ సంగీతం నేర్చుకుంటోంది,” అనేవాడు. నడుము పైన చొక్కా, టై. నడుము కింద అనాసపళ్ళ బొమ్మల నిక్కరు. కెమెరాకు నడుము కింద పనిలేదు కదా!

సొంత దేశం వదిలి వచ్చి, సొంత దేశంలో ఉన్నట్టు నటించేవాడొకడు. సొంతింట్లో పని పెట్టుకుని, బయటికెళ్ళినట్టు నటించేవాడొకడు. ఇద్దరికీ బాగా కుదిరింది.

ఇప్పుడు శార్షెన్‌గారు ఎముక పక్కన పెట్టి అసలు ప్రశ్న వేశారు. “ఇంతకీ అబ్బాయి ఎక్కడ పనిచేస్తున్నట్టు?”

“ఆ గదిలో...” అని తిలెక్ వేలు చూపించబోయాడు.

బుర్మాకాన్ వాడి తొడ గట్టిగా గిల్లింది. “ఆఫీసులో అన్నయ్యగారూ! విదేశీ ఆఫీసు. మేనేజరు కూడా విదేశస్థుడే. వీడు లేకపోతే ఆయనకు పొద్దు గడవదు!”

చివరి ముక్క నిజమే. యోరిస్‌కు కిర్గిజ్ భాషలో కూరగాయలు కొనిపెట్టేది తిలెక్.

“అయితే సరే. చెవులకు దుద్దులు పెట్టే ముందు ఆ ఆఫీసు నా కళ్ళతో నేను చూడాలి. గుమ్మం చూస్తే చాలు, అది ఎలాంటి ఆఫీసో నేను చెప్పేస్తాను,” అన్నారు శార్షెన్‌గారు.

వాళ్ళలో పెళ్ళికొడుకు తల్లి వెళ్ళి పిల్ల చెవులకు దుద్దులు పెడితేనే సంబంధం ఖాయమైనట్టు. ఆ దుద్దులు బుర్మాకాన్ బీరువాలో సిద్ధంగా ఉన్నాయి. ఆఫీసే లేదు!

వియ్యాలవారు మెట్లు దిగగానే తిలెక్ తల పట్టుకున్నాడు. “అమ్మా, నిజం చెప్పేద్దాం. సెజిమ్‌కి అంతా తెలుసు. తనకేం పట్టింపు లేదు.”

“పట్టింపు ఆ పిల్లకి కాదురా, వాళ్ళ నాన్నకి! ఆయన వద్దంటే ఆ పిల్ల నీ మొహం చూస్తూ ముసలిదైపోతుంది. ఆఫీసు తే!”

“ఆఫీసేమైనా పుచ్చకాయా, బజారుకెళ్ళి తేవడానికి?”

తెచ్చింది యోరిస్. ఊళ్ళో తనలాంటివాళ్ళంతా బల్ల అద్దెకు తీసుకుని పనిచేసుకునే ఇల్లొకటి ఉందట. పాతకాలపు ఒంటి అంతస్తు మేడ, ముందు నేరేడు రంగు గేటు. ఇంట్లో ఇంటర్నెట్ మొరాయించినప్పుడల్లా అతను అక్కడికే వెళ్తాడు. శనివారం మధ్యాహ్నం ఎవరూ ఉండరు. “నేను మేనేజరుగా కూర్చుంటాను. టై నాకు ఎలాగూ ఉంది,” అన్నాడు ఉదారంగా. ప్యాంటు ప్రసక్తి ఎవరికీ రాలేదు.

శనివారం టాక్సీలో ముందు సీట్లో బుర్మాకాన్, వెనక వియ్యాలవారు కూర్చున్నారు. శార్షెన్‌గారు తెల్ల ఉన్ని టోపీ పెట్టుకుని, కొత్త బూట్లు తొడుక్కుని, దారి పొడవునా ఆఫీసు క్రమశిక్షణ మీద ఉపన్యసించారు. టాక్సీ పెద్దరోడ్డు దాటి పాప్లార్ చెట్ల సందులోకి తిరిగింది. ఉపన్యాసం హఠాత్తుగా ఆగిపోయింది.

“ఈ సందులోనా?” అన్నారు.

“అవునండీ. అదిగో ఆ గేటే!”

గేటు చూడగానే శార్షెన్‌గారి ముఖం మీగడలా తెల్లబడింది. “సరే, చూశాం కదా! గేటు బాగుంది. గట్టి గేటు. నాకు నమ్మకం కుదిరింది. ఇక ఇంటికి పోదాం,” అన్నారు.

బుర్మాకాన్ ప్రాణం లేచొచ్చింది. కానీ గుల్‌సున్ ఊరుకుంటేనా! “కళ్ళతో చూస్తేగాని కుదరదని వారం నుంచి నా బుర్ర తిన్నది మీరే కదా? దిగండి! ఇక్కడిదాకా వచ్చి గేటు చూసి పోతే, సెజిమ్‌కి నేనేం చెప్పను?”

“మోకాలు నొప్పిగా ఉందే.”

“లోపల కుర్చీలుంటాయి!” అని గుల్‌సున్ ఆయన్ని చెయ్యిపట్టి దింపింది.

గుమ్మం దగ్గర తిలెక్ సూటులో వంగి వంగి సలాం చెప్పాడు. లోపల గోడవారగా పెద్ద చెక్క అర. దాని నిండా జతలు జతలుగా ఇంటి చెప్పులు! ఆ ఇంటి యజమాని నియమమది: ఎంత దొరగారైనా సరే, బూట్లు గుమ్మం దగ్గర వదలాల్సిందే. ఇంటి చెప్పులతోనే లోపలికి రావాల్సిందే.

బుర్మాకాన్ నిలువునా నీరుగారిపోయింది. అన్నీ చూసుకుంది, సూటు చూసుకుంది, టై చూసుకుంది, ఇది మాత్రం చూసుకోలేదు! బూట్ల ఉద్యోగం అని చెప్పి చెప్పుల అర ముందు తెచ్చి నిలబెట్టింది. ఇప్పుడీయన ఛీ అని వెనక్కి తిరుగుతాడు. బీరువాలో దుద్దులు బీరువాలోనే ఉండిపోతాయి. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఛీ అన్న మాట రాలేదు. ఆవిడ మెల్లగా ఒక కన్ను తెరిచింది.

శార్షెన్‌గారు గుమ్మంలోనే నిలబడి, గోడ మీద గడియారం వంక చూస్తూ, ఎవరి ఆఫీసుకో వచ్చిన అతిథిలా దగ్గుతున్నారు. నోటికి, కళ్ళకు నటించడం చేతనవుతోంది. కాళ్ళకూ చేతులకూ ఆ కబురు అందలేదు! కాళ్ళు వాటంతటవే బూట్లు విదిలించేశాయి. చెయ్యి వెనక్కి వెళ్ళి, చూడకుండానే, తడుముకోకుండానే, అరలో అట్టడుగు మూల నుంచి ఒక జత లాగి కింద పడేసింది. కాళ్ళు అందులో దూరిపోయాయి. పొట్టేలు కొమ్ముల నీలం కుట్టుపని చేసిన ఉన్ని చెప్పులు. కుడి బొటనవేలి దగ్గర చిన్న చిరుగు. శార్షెన్‌గారి బొటనవేలు ఆ చిరుగులోంచి అలవాటుగా తొంగిచూసింది.

గుల్‌సున్ ఆ చెప్పుల వంక చూసింది. మొగుడి వంక చూసింది. మళ్ళీ చెప్పుల వంక చూసింది.

“ఇవి నేను కుట్టిన చెప్పులు!”

“అబ్బే, ఇలాంటివి బజార్లో బోలెడు...”

“నీలం దారం అయిపోతే ఎడమకాలి కొమ్ము సగంలో ఆపేశాను. అదిగో! ఎలుకలు ఎత్తుకుపోయాయన్నారే? కిందటి శరదృతువు నుంచి మంచాల కింద వెతుకుతున్నాను! ఎలుకలు చెప్పులు తొడుక్కుని ఆఫీసుకొచ్చాయా?”

శార్షెన్‌గారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి యోరిస్ చూశాడు. వయసులో పెద్దవాడు వస్తే లేచి నిలబడాలని తిలెక్ వారం రోజులు బట్టీ పట్టించాడు. మేనేజరుగారు భక్తిగా లేచారు. అనాసపళ్ళ నిక్కరు సాంతం కనిపించింది.

“సలాం శార్షెన్ బాయ్‌కే!” అని తనకొచ్చిన కిర్గిజ్‌లో, పెద్దన్నయ్యను పిలిచినట్టు పిలిచాడు. “శనివారం కూడానా? ఇవాళ ఫ్రిజ్‌లకు సెలవు కదా!”

ఆ పైన దాచడానికేం మిగల్లేదు. కాలువల శాఖవాళ్ళు శరదృతువులోనే ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేక, రోజూ బూట్లేసుకుని బయల్దేరి, ఇక్కడ కిటికీ పక్క బల్ల అద్దెకు తీసుకున్నారు. అల్మాటీలో ఉన్న ఒక ఫ్రిజ్‌ల కొట్టుకు ఇక్కణ్ణుంచే పనిచేస్తున్నారు. ఐస్ గడ్డకట్టడం లేదని రాసేవాళ్ళకు ఓదార్పు జవాబులు రాయడం ఆయన పని. కింద “విభాగాధిపతి” అని సంతకం పెట్టడం మాత్రం మానలేదట.

“ఇన్నాళ్ళూ నాకొక్క మాట చెప్పలేదు,” అంది గుల్‌సున్. ఈసారి గొంతులో కోపం లేదు, ఏడుపుంది. ఆయన తల ఎత్తలేదు. బొటనవేలు చిరుగులోకి వెనక్కి వెళ్ళిపోయింది.

బుర్మాకాన్‌కు నవ్వు గొంతుదాకా వచ్చింది. ఉద్యోగి, రోగి అంటూ గొర్రె ఎముక ఊపిన మనిషి! ఒక్క మాట అంటే చాలు, చితికిపోతాడు. కానీ చితికిన మనిషి పిల్లనిస్తాడా? పైగా ఆ ఆఫీసు పుట్టించింది తాను. ఆవిడ నవ్వును మింగేసింది.

“నిలబడే మాట్లాడుకుంటామా అన్నయ్యగారూ? మీ ఆఫీసుకే వచ్చాం, మీరే టీ ఇప్పించాలి,” అంది.

టీ వచ్చింది. పిల్లనిచ్చేవాళ్ళకూ పుచ్చుకునేవాళ్ళకూ గిన్నెల్లో సగం సగం పోశారు, మర్యాద తెలిసినట్టే; గిన్నె నిండా పోస్తే ఇక లేవండి అన్నట్టట. మొదటి గుక్క తాగి గుల్‌సున్ కళ్ళు తుడుచుకుంది.

“గురువారం వచ్చి పిల్ల చెవులకు దుద్దులు పెట్టండి వదినా. పెళ్ళయ్యేదాకా ఈయన బూట్ల మాటెత్తకుండా చూసే పూచీ నాది!”

ఇప్పుడు మామాఅల్లుళ్ళు రోజూ ఒకే బల్ల దగ్గర పనిచేస్తున్నారు. ఇల్లు దాటాలి కదా మరి, ఎవరి పరువు వాళ్ళది! ఒక్క నిమిషం ఆలస్యమైతే శార్షెన్‌గారు గడియారం చూసి, “ఆఫీసులో మామయ్యా అనకు. సార్ అను,” అంటారట.

ఇక బుర్మాకాన్. ఆ శనివారం బయటికొస్తూ, బూట్లు తొడుక్కోవడానికి వంగినప్పుడు, ఆవిడ ఆ చెప్పుల అరను మరోసారి తీరిగ్గా చూసింది. పై వరసలో ఒక అల్లిక జత ఆవిడ కంట పడింది. ఆకుపచ్చ ఉన్ని, ముందు ఎర్ర కోడిపుంజు. ఆ కోడిపుంజు పుట్టడం ఆవిడ బెంచీ మీద కళ్ళారా చూసింది.

మర్నాడు జూరా ఎప్పటిలాగే అల్లుతూ పలకరించింది. “ఏం వదినా, మీవాడి ఆఫీసు ఎలా ఉంది?”

“బ్రహ్మాండంగా ఉంది జూరా. నేల మాత్రం మహా చలి,” అని బుర్మాకాన్ ఆవిడ పక్కనే కూర్చుంది. “మావాడికీ ఒక కోడిపుంజు జత అల్లి పెట్టు. మీవాడి జత పక్కన చోటుంది.”

జూరా సూదులు ఆగిపోయాయి. అటూ ఇటూ చూసి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

“కాలి కొలత ఎంత వదినా?”