పన్నెండు ఎలుకల పునర్జన్మ

ఆ శుక్రవారం పొద్దున జయంతి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. యూనివర్సిటీ ల్యాబులో పన్నెండు ఎలుకలకు నిద్రమందు ఎక్కించాలి, ఏది ఎప్పుడు లేచిందో రాసుకోవాలి, ఇంటికెళ్లి అన్నం తినాలి. ఆరు ఎలుకలకు వారంగా కాలేయాన్ని చురుకుచేసే మందు పెడుతోంది. వాటి నెత్తిన గుర్తుగా పచ్చరంగు చుక్క పెట్టింది. చురుకైన కాలేయం నిద్రమందును తొందరగా అరిగించేస్తుంది కనుక అవి ముందు లేవాలి. లేస్తే సోమవారం థీసిస్ ఇచ్చేయవచ్చు. లేదంటే గడువు దాటిపోయి నాలుగేళ్ల చదువు గోవిందా.

పదకొండుకు సూదులు వేసిందో లేదో, గైడు యోగానందగారు రమ్మన్నారని కబురొచ్చింది. పది నిమిషాల్లో రావచ్చనుకుని వెళ్లింది. ఆయన థీసిస్‌లో కామాలు దిద్దుతూ కూర్చోబెట్టారు. గైడుకు అడ్డుచెప్పే పరిశోధక విద్యార్థి తిరుపతిలో ఇంకా పుట్టలేదు. పన్నెండున్నరకు పరిగెత్తుకొచ్చి చూస్తే పన్నెండు ఎలుకలూ ఒళ్లంతా పసుపుతో, నుదుట కుంకుమతో పెళ్లికి తయారైనట్టున్నాయి. వాటి ముందు ఎలుకల గది అటెండరు గురప్ప చెంపలు వేసుకుంటున్నాడు.

"ఏం జేసినావు గురప్పన్నా?"

"టీ తాగొచ్చి సూస్తే అన్నీ సచ్చి పడుండాయమ్మా. వినాయకసామి వాహనం గదా, ఊరికే పారేస్తామా? పూడుద్దామని పసుపు పూసి బొట్టు పెట్టినా. రాహుకాలం దాటనీ అని కూసోనుంటే ఒగటి లేసి మీసాలు దువ్వుకునింది!"

"అవి సావలేదన్నా, నిద్రపోయినాయి!"

జయంతికి ఏడుపు తన్నుకొచ్చింది. చుక్కలు పసుపులో కలిసిపోయాయి. ఏది ఎప్పుడు లేచిందో తను చూడనేలేదు.

"ఏడవద్దమ్మా. లేసినదాన్ని లేసినట్టే వేరే బోన్లో పెట్టి, టైము రాసి అంటించినా."

"టైమెందుకు?"

"మళ్లీ పుట్టినాయి గదమ్మా! టైము లేకుంటే జాతకం ఎట్ల రాయించేది?"

వెనకే వచ్చిన యోగానందగారు బోన్ల మీది చీటీలు చదివారు. "సబ్బుతో కడగండి. పసుపు పోతాది, మన రంగు పోదు," అన్నారు.

కడిగారు. మధ్యాహ్నం పన్నెండు కొట్టకముందే లేచిన ఆరింటి నెత్తినా పచ్చచుక్క తేలింది. తర్వాత లేచిన ఆరింటికీ చుక్క లేదు.

యోగానందగారు పగలబడి నవ్వారు. "ఏ ఎలుకకు ఏ మందో తెలిసినోళ్లు టైము రాస్తే తమకు కావాల్సిన పక్కకే కన్ను మొగ్గుతాదని ఏడాదిగా మొత్తుకుంటాండాను, నువ్వు విన్నావా? గురప్పకు ఏమీ తెలీదు. పైగా గుర్తులు కూడా కనపడలేదు. ఇంతకంటే ఏం గావాల? ఇట్లే రాయి!"

జయంతి అట్లాగే రాసింది. మూడు నెలల తర్వాత థీసిస్ మీద ప్రశ్నలడగడానికి మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పేజీ దగ్గరే ఆగాడు.

"గుర్తులు దాచడం బాగుందమ్మా. ఇన్ని రంగులుండగా పసుపే ఎందుకు?"

జయంతి గైడు వైపు చూసింది. ఆయన కిటికీలోంచి కొండ చూస్తున్నారు.

"మా పక్క ఆనవాయితీ సార్," అంది.

పరీక్షకుడు శ్రద్ధగా రాసుకున్నాడు.