ఐరన్ మాన్సూన్ వచ్చినట్టా, రానట్టా

ఈ భూమ్మీద ఇప్పటిదాకా అచ్చయిన కాగితాలన్నిటిలోకీ దూరదృష్టి గలది, తూంకుంటలోని ఒక చిన్న చర్చికి చెందిన వివాహ సలహా సంఘం వారి ఏడో నంబరు ఫారం. దేశాలు సంధి పత్రాలు రాసుకుంటాయి, బ్యాంకులు చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు అచ్చేస్తాయి. కానీ పెళ్లికొడుకులోని ఏ అలవాటు ఏ రోజుతో పోతుందో సంతకంతో సహా రాయించుకున్న ఘనత ఈ ఫారానిదే. పధ్నాలుగో గడిలో మానబోయే అలవాటు రాయాలి. పదిహేనో గడిలో మానే తేదీ. పదహారో గడిలో, అలా మిగిలిన సమయాన్ని సంఘసేవకు ఎలా వాడతారో రాయాలి. (అలవాట్లేమీ లేవని రాసినవారికి అబద్ధాలాడే అలవాటున్నట్టు సంఘమే నమోదు చేసుకుంటుంది.)

జాషువా ఈ ఫారాన్ని పెళ్లికి పన్నెండు రోజుల ముందు నింపాడు. మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో మాత్రల నాణ్యత చూసే ఉద్యోగం కాబట్టి గడులు నింపడం అతనికి నిద్రలో కూడా వచ్చు. అలవాటు: వీడియో గేములు. మానే తేదీ: ‘ఐరన్ మాన్సూన్ త్రీ’ అనే ఆట విడుదలయ్యే రోజు. మిగిలిన సమయం: రోజూ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంటింటి ప్రార్థన కూటాలకు మైకు సెట్టు బిగించుట.

ఇందులో మోసమేమీ లేదు. ఆ ఆట వస్తుందని కంపెనీ మొదటిసారి ప్రకటించినప్పుడు జాషువా ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. తర్వాత అతనికి డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, బట్టతల రావడం మొదలైంది. ఆట రాలేదు. ‘త్వరలో’ అనే మాటను అంత కాలం, అంత నిబ్బరంగా వాడినవాళ్లు ఆ కంపెనీ తర్వాత ఔటర్ రింగు రోడ్డు పక్క వెంచర్ల బోర్డులవాళ్లే.

పెళ్లయిన నాలుగో నెలలో ఒక మంగళవారం పొద్దున, ఉప్మా తింటూ ఫోను చూస్తున్న జాషువా ప్లేటు కింద పెట్టేశాడు.

“ఏమైంది? ఉప్పెక్కువైందా?” అంది కెజియా.

“డేటిచ్చిండ్రు.”

“ఎవరు? ఏం డేటు?”

“ఐరన్ మాన్సూన్‌ది. వచ్చే శనివారమే వస్తాందట.”

పదమూడేళ్లు ఎదురుచూసిన ఆట వస్తుంటే మనిషి గెంతులేయాలి గానీ, ఇంట్లో ఎవరికో సీరియస్ అని ఫోనొచ్చినట్టు కూర్చుంటాడేమిటని కెజియా నిలదీసింది. అప్పుడు ఫారం సంగతి బయటపడింది.

కెజియా శామీర్‌పేట దగ్గర బడిలో సైన్సు టీచరు. పెళ్లికి ముందు ఆమె ఆడిన ఆటలు క్యారమ్స్, నేల మీద గీతలు గీసి గింజలతో ఆడే దాడి. ఇప్పుడు రోజూ సాయంత్రం ఏడింటికి, చెరో రిమోటు పట్టుకుని, మోకాలికి మోకాలు తగిలేలా చాప మీద కూర్చోవడం ఆమెకు దొరికిన కొత్త రాజ్యం. తెర మీద ఒకే గుంటలో పదిహేడుసార్లు పడింది. పడిన ప్రతిసారీ జాషువా, “గిప్పుడు నువ్వు దునుకలేదు, నడిచినవ్” అని ఎంతో గౌరవంగా వివరిస్తాడు. మొక్కజొన్న పేలాల గిన్నె మధ్యలో ఉంటుంది. అడుగున మిగిలిన పేలని గింజలు ఎవరు తినాలో చివరి ఆట తేలుస్తుంది. ఇంతకంటే పెద్ద సంసార సుఖం ఉంటుందని కెజియాకు ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా ఎవరినీ అడగలేదు.

“ఇగ సాయంత్రాలు?” అంది.

“మైకు సెట్టు.”

“రోజా?”

“రోజూ అనే రాసిన.”

“ఆదివారం ఒక్కటే అని రాస్తే ఏం పోతుండె?”

“గడి పెద్దగుండె, కెజీ. ఖాళీగ కనవడ్తుండె.”

నాణ్యత విభాగంలో పనిచేసేవాళ్లు ఖాళీ గడిని చూసి ఓర్చుకోలేరు. అది జబ్బు కాదు, శిక్షణ. కెజియా ఆ రోజే బడిలో విరామ సమయాన కూర్చుని, సంఘానికి ఒక దరఖాస్తు రాసింది: ‘విడుదల’ అనగానేమి? ఆట దుకాణంలోకి వచ్చుటయా, ఇంట్లోకి వచ్చుటయా, ఆడుటకు వచ్చుటయా? దయచేసి నిర్వచించగలరు.

సంఘం కార్యదర్శి శామ్యూల్ గారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై నాలుగేళ్లు సూపరింటెండెంటుగా చేసి రిటైరైనవారు. తాను కార్యదర్శి అయిన పదకొండేళ్లలో సంఘానికి వచ్చిన మొదటి దరఖాస్తును చూసి ఆయన కళ్లు చెమర్చాయి. శనివారం సాయంత్రం నాలుగు గంటలకు దంపతుల ఇంట్లోనే ‘స్థల తనిఖీ, సాక్ష్య స్వీకరణ’ జరుగునని అదే రోజు జవాబిచ్చారు.

తనిఖీకి ముగ్గురొచ్చారు. శామ్యూల్ గారు రిజిస్టరుతో, సెంట్రింగు సామాను కిరాయికిచ్చే యేసయ్య కళ్లజోడుతో, స్త్రీల ప్రతినిధి పెంటమ్మ సంచిలో జామకాయలతో. ప్రార్థన అయింది, చాయ్ అయింది. జాషువా ఆట మొదలుపెట్టే మీట నొక్కాడు. ‘సవరణలు దిగుమతి అవుతున్నవి. మిగిలిన సమయం నలభై నిమిషాలు’ అని తెర చెప్పింది.

“గిదేంది? ఆట గిదేనా?” అన్నాడు యేసయ్య.

“ఇంకా షురూ గాలె, అంకుల్. తప్పులు దిద్దుకుంటాంది.”

“ఇయ్యాల్నే పుట్టె. ఇయ్యాల్నే తప్పులెప్పుడు జేసింది?”

ఆ నలభై నిమిషాలు వృథా కాకూడదని శామ్యూల్ గారు సాక్ష్యం మొదలుపెట్టారు. పాత ఆటలు, ఇప్పటి ఆటలు, రాబోయే ఆటలు, ఈ మూడింటిపై సాక్షి అభిప్రాయం ఏమిటని అడిగారు. జీవితంలో ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని జాషువా ఇరవైతొమ్మిదేళ్లుగా కాచుకుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు.

“పాతయే పక్కా, అంకుల్. మేడ్చల్‌ల మా బాపు ఒక టీవీ గేము క్యాసెట్ కొనిచ్చిండు. నోట్లకెళ్లి ఉఫ్ అని ఊది పెడ్తే చాలు, నెట్టడగది, పాస్‌వర్డడగది. దాని మీద తొంభైతొమ్మిది లక్షల తొంభైతొమ్మిది వేల తొమ్మిది వందల తొంభైతొమ్మిది ఆటలని రాసుండె.”

“అన్ని ఆడినవా?” పెంటమ్మ నోరు తెరిచింది.

“నాలుగే ఉంటయి, అవ్వా. అవే మళ్ల మళ్ల వస్తయి.”

“మిగిలినయి ఏడికి పోయినయ్?” అన్నాడు యేసయ్య, కిరాయికిచ్చిన ఇనుప రాడ్లు తిరిగి రానప్పటి గొంతుతో.

(తొంభైతొమ్మిది లక్షల తొంభైతొమ్మిది వేల తొమ్మిది వందల తొంభైయైదు ఆటల ఆచూకీపై విడిగా విచారణ జరపాలని రిజిస్టరులో నమోదైంది. జాషువా వాళ్ల బాపును సాక్షిగా పిలుస్తారు.)

“ఇప్పటియి?” అన్నారు శామ్యూల్ గారు.

“బొమ్మ మస్తుంటది. గుర్రం మెడ మీద వెంట్రుకలు లెక్కవెట్టొచ్చు. గాని ఆ గుర్రమే గోడల ఇరుక్కుంటది. కంపెనీ సారీ చెప్తది, రెండేండ్లకు మంచిగ జేస్తది. అప్పటికి మనం ఆడుడు ఐపోయుంటది.”

“మా బిడ్డ ఫ్లాటు లెక్క,” అంది పెంటమ్మ. “ఐదో అంతస్తు ఇచ్చిండ్రు. లిఫ్టు తర్వాత వస్తదన్నరు. నా మోకాళ్లు పోయినయి గాని లిఫ్టు రాలె.”

“మరి రాబోయేటియి?”

జాషువా గొంతు మెత్తబడింది. “అవే అన్నిట్ల మంచియి, అంకుల్. ఒక్క తప్పుండది. ఎవ్వరు ఓడిపోరు. పదమూడేండ్ల సంది ఐరన్ మాన్సూన్ మీద నాకు ఒక్క కంప్లెయింటు లేదు.”

ఈ మాట శామ్యూల్ గారిని కదిలించింది. తన సర్వీసులో అందరికీ నచ్చిన పథకాలన్నీ ఇంకా మొదలుకానివేనని ఆయనకు గుర్తుండే ఉంటుంది.

నలభై నిమిషాలు అరవైయైదు నిమిషాల్లో పూర్తయ్యాయి. తెర మీద వాన మొదలైంది. ఇనుప కవచం తొడుక్కున్న వీరుడొకడు కొండ మీద నిలబడి ఉన్నాడు. జాషువా రిమోటును రెండు చేతులా పట్టుకున్నాడు. కెజియా అతని మోచెయ్యి పట్టుకుంది. ఇక ఈ వీరుడు కాలు కదిపితే తన సాయంత్రాలన్నీ మైకు స్టాండ్ల పాలేనని తెలిసి కూడా, వాన భలే కురుస్తోందే అని ఆమెకు అనిపించింది.

వీరుడు కాలు కదిపాడు. నడుం దాకా నేలలోకి దిగిపోయాడు. అలాగే, సగం మనిషిగా, కొండ మీద జారుకుంటూ పోయి ఒక చెట్టులో ఆగాడు.

“గీయన గట్లనే నడుస్తడా?” అంది పెంటమ్మ జాలిగా.

వెంటనే తెర మీద ఇంగ్లీషులో కంపెనీవారి ప్రకటన వచ్చింది. కెజియా దాన్ని లేచి నిలబడి, బడిలో పాఠం చదివినంత స్పష్టంగా తెలుగులో వినిపించింది: “మా ప్రియమైన ఆటగాళ్లకు క్షమాపణలు. ఇది ఆటలోని మొదటి భాగం మాత్రమే. పూర్తి ఆట త్వరలో విడుదలవుతుంది.”

శామ్యూల్ గారు రిజిస్టరు మీద పెన్ను ఆనించారు. ముప్పై నాలుగేళ్ల అనుభవం ఆయన గొంతులోకి వచ్చి కూర్చుంది.

“సగం సరుకొస్తే రానట్టే లెక్క. మా ఆఫీసుల కుర్చీలొచ్చినయ్, కాళ్లు రాలె. మేం రసీదియ్యలె. ఆట రాలేదు. పదిహేనో గడి ఇంకా షురూ గాలేదు. యేసయ్యా, ఏమంటవ్?”

“రానేలేదు,” అన్నాడు యేసయ్య. “జాషువా, ఆ నాలుగాటల క్యాసెట్ ఉన్నదా? లెక్క కోసం ఒక్కసారి చూద్దమని.”

కెజియాకు నవ్వు ఆగలేదు. చెట్టులో ఇరుక్కున్న వీరుణ్ని చూసి, జాషువా ముఖం చూసి, దేవుడిచ్చిన ‘త్వరలో’ అనే మాటను తలుచుకుని, పొట్ట పట్టుకుని, పక్కింటి బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తున్నావిడ తొంగి చూసేంత గట్టిగా నవ్వింది.

శామ్యూల్ గారి పెన్ను ఆగింది. ఆయన రిజిస్టరులో పేజీ తిప్పారు.

“కెజియమ్మా, నీ ఫారం గూడ ఇందుల్నే ఉన్నది.”

“నేనేం నింపలేదు గద, అంకుల్.”

“ఆడపిల్లలది సంఘమే నింపుతది, బిడ్డా. మీకెందుకు తకలీఫ్ అని.” ఆయన వేలు పెట్టి చదివారు. “మానవలసిన అలవాటు: గట్టిగా నవ్వుట. మానే తేదీ: పెళ్లినాటి నుండి.”

జాషువా రిమోటు కింద పెట్టాడు. “దీనికి గూడ దరఖాస్తు పెట్టుకోవచ్చా, అంకుల్? గట్టిగా అంటే ఏందని?”

“ఆడపిల్లల ఫారంల దానికి గడి లేదు, బాబూ.”

“నేనే రాయించిన,” అంది పెంటమ్మ, జామకాయ వంక చూస్తూ. “నా లగ్గమప్పుడు నాకూ గిదే రాసిండ్రు.”

తెర మీద వాన కురుస్తూనే ఉంది. శామ్యూల్ గారు గడియారం చూస్తూ ఒక నిమిషం ఆగారు. కెజియా నవ్వలేదు. ఆయన తృప్తిగా తలూపి, ఆమె పేరు ఎదురుగా రాసుకున్నారు: ‘తనిఖీ సమయమున అమలులో ఉన్నది.’