ఊడొచ్చే వించ్

ఆ ఉదయానికి గిరిబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవడం, మంచం కింద ఉన్న వించ్‌ను తీసి జీపుకు తగిలించడం, టీ తాగడం, ఎనిమిదింటికి సముద్రపు ఒడ్డుకు వెళ్ళి పడవల సంఘం పెద్ద గంగాధరం కళ్ళెదుట ఒక పడవను ఇసుక మీదికి లాగి చూపించడం. లాగితే, వేట నుంచి తిరిగొచ్చే పడవలన్నింటినీ గట్టుకు చేర్చే పని ఏడాది పొడుగునా అతనిదే. లాగలేకపోతే, బావమరిది ప్రసాద్‌కున్న రొయ్యల గుంటల దగ్గర కాపలాకు చేరతానని భార్య బిందుకు మాట ఇచ్చి ఉన్నాడు. ప్రసాద్ మంచివాడే. కానీ అతని కింద పనిచేయడమంటే రోజూ పొద్దున్నే అతని సలహాలు వినాలి. అంతకన్నా రొయ్యగా పుట్టడం నయమని గిరిబాబు అభిప్రాయం.

వించ్ అంటే పెద్ద విశేషమేమీ కాదు. ఇనుప తాడు చుట్టిన మోటరు. బ్యాటరీకి కలిపితే తిరుగుతుంది, కొక్కేనికి ఏది తగిలిస్తే దాన్ని లాగుతుంది. దాన్ని జీపుకు ఎలా బిగించాలన్న దగ్గరే ఆ ఇంట్లో పది రోజులు రగడ జరిగింది. బోగోలులో వెల్డింగ్ షాపు టైటస్ రెండు దారులు చెప్పాడు. ఒకటి, జీపు అడుగు చట్రమైన ఛాసిస్‌కే అతికించేయడం. రెండోది, జీపుకు ముందూ వెనకా చదరపు గొట్టాలు పెట్టి, కావలసినప్పుడు వించ్‌ను అందులో దూర్చి పిన్ను వేసుకోవడం.

"ఊడొచ్చేదే పెట్టు టైటసన్నా," అన్నాడు గిరిబాబు. "ఉప్పుగాలికి బయటుంటే ఆర్నెల్లకే తుప్పు పట్టిపోద్ది. ఇదైతే ఇంట్లో పెట్టుకోవచ్చు. ముందర కావాలంటే ముందర, ఎనకాల కావాలంటే ఎనకాల."

"అతికించెయ్యన్నా," అంది బిందు. "ఊడొచ్చేదాన్ని మా ఊళ్ళో ఎవురో ఒకరు అడగతారు."

"అడిగితే లేదని చెప్తాం."

"ఎవురు చెప్తారు? మా అత్తా?"

బిందు భయానికి కారణముంది. ఆ జాలర్ల పాలెంలో వేట ముగియగానే పడవ ఇంజన్ని ఊడదీసి, భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకుంటారు. పక్కింటివాడి ఇంజను చెడిపోయి, వచ్చి అడిగితే లేదనరు. లేదన్న ఇంటి వలలో చేప పడదని నమ్మకం. గిరిబాబు తల్లి కామమ్మ ఈ విషయంలో ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా తప్పలేదు. అయినా ఆ ఇంట్లో పెద్ద నోరు గిరిబాబుదే కాబట్టి ఊడొచ్చేదే పెట్టించుకున్నాడు.

ఆరింటికి లేచి మంచం కిందికి వంగాడు. వించ్‌కు చుట్టిపెట్టిన పాత చీర ఉంది. వించ్ లేదు.

"అమా! వించ్ యాడుందమా?"

"నిన్న నువ్వు డీజిలుకు పోయినప్పుడు శివ వచ్చి అడిగినాడు, ఇచ్చినా," అంది కామమ్మ చేపల బుట్ట సర్దుకుంటూ. "బోరులో మోటరు ఇరుక్కుందంట."

"ఎవురికి చెప్పి ఇచ్చినావ్?"

"ఎవురికి చెప్పాల? ఊడదీసి ఇంట్లో పెట్టుకున్నావు. ఇంజను లెక్కే గదా. ఇంజను అడిగితే లేదంటారా యాడన్నా?"

గిరిబాబు బిందు వైపు చూడలేదు. చూస్తే ఏం వినవలసి వస్తుందో తెలుసు. జీపెక్కి నేరుగా చిన్నాన్న కొడుకు శివ ఇంటికి పోయాడు. అక్కడ బోరులోంచి బయటపడ్డ మోటరు గట్టున ఉంది. దాని పక్కనే కూర్చుని శివ పళ్ళు తోముకుంటున్నాడు.

"అబ్బబ్బ, ఏం లాగిందన్నా! వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు తీసింది."

"ఇప్పుడు యాడుందిరా అది?"

"చర్చి కాడ. కొత్తగా వచ్చిన పాస్టరు, సమాధానం అయ్యగారు అడిగినాడు. దించిన గంట మళ్ళా పైకెక్కించాలంట. నాకు లేదనకుండా ఇచ్చినారు, నేను ఆయనకి లేదంటే బాగుంటాదా?"

గిరిబాబు మళ్ళీ జీపెక్కాడు. చర్చి దగ్గరికి చేరేసరికి ఏడుంబావు. వించ్‌ను తాటిచెట్టు మొదలుకు మోకులతో కట్టి ఉన్నారు. ఇనుప తాడు గోపురం దూలం మీదుగా పోయి గంటను పట్టుకుంది. గంట మాత్రం నేలకూ గోపురానికీ నడుమ ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయింది. కింద పాస్టరు సమాధానం రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. ప్రార్థన చేస్తున్నాడో, పడితే పట్టుకుందామనుకుంటున్నాడో తెలియలేదు.

"అయ్యగారూ, ఎనిమిదింటికి నాకు ఒడ్డున పనుంది. వించ్ తీసుకుపోవాల."

"తీసుకుపో నాయనా. గంట మన నెత్తిన పడకుండా ఎట్ట తీయాలో నువ్వే చూసుకో."

గంటను పైకి చేర్చడం తప్ప వేరే దారి లేదు. గిరిబాబు జీపు బ్యాటరీకి వైర్లు తగిలించి, చెమటలు కారుతుండగా గంటను ఎక్కించి, బోల్టులు వేయించి, తాడు విప్పించేసరికి ఎనిమిదికి పది నిమిషాలున్నాయి. హమ్మయ్య అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే పాస్టరు ఆనందం పట్టలేక గంట తాడు అందుకుని పదిసార్లు గట్టిగా మోగించాడు.

ఆదివారం కాని రోజున చర్చి గంట మోగిందంటే ఆ పాలెంలో పడవ తిరగబడిందని అర్థం. పాస్టరు వచ్చి నెలే అయింది కాబట్టి పాపం ఆయనకు తెలియదు. ఒడ్డున గిరిబాబు కోసం కాచుకున్న గంగాధరం, సంఘంవాళ్ళు మోకులు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఏడుస్తూ వచ్చారు. వాళ్ళతోపాటు బిందు, కామమ్మ కూడా వచ్చారు.

"ఎవురి పడవ? ఎవురి పడవ?" అని రొప్పుతూ అడిగాడు గంగాధరం.

"పడవ కాదు మామా, గంట," అన్నాడు గిరిబాబు.

ఆడవాళ్ళు ఏడుపు ఆపి పాస్టరును తిట్టడం మొదలుపెట్టారు. గంగాధరం చెమట తుడుచుకుంటూ గోపురంలోని గంటనూ, తాటిచెట్టు దగ్గరున్న వించ్‌నూ మార్చి మార్చి చూశాడు.

"అంత గంటని ఇదేనా లేపింది?"

"ఇదే మామా!" గిరిబాబుకు ప్రాణం లేచొచ్చింది. పరీక్ష ఒడ్డున జరగకపోతేనేం, నెగ్గాడు.

"అయితే జీపెందుకు? దీన్ని సంఘం ట్రాక్టరుకి కట్టుకుంటాం. ఊడొచ్చేదే గదా."

"మరి నేను?"

"నువ్వెందుకబ్బయా? ఇంజను ఇచ్చినోడు ఇంజనెమ్మట వస్తాడా?"

"తీసుకుపోన్నా, దానికేం," అనేసింది కామమ్మ.

గిరిబాబుకు ఏడుపొక్కటే తక్కువ. రొయ్యల గుంటలు, వాటి గట్టున ప్రసాద్, కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడు బిందు ముందుకొచ్చింది.

"మామా, ఊడొస్తే ఇంజను లెక్క. ఊడి రాకపోతే?"

"ఊడి రాకపోతే బండి లెక్క."

"అయితే సాయంత్రానికి అది ఊడదు. రేపు బండితోనే వస్తాం. పని ఇస్తారా?"

గంగాధరం నవ్వాడు. "ఇస్తాంలేమ్మా. ఆరింటికంతా ఒడ్డున ఉండాల."

మధ్యాహ్నానికల్లా టైటస్ వించ్‌ను ఛాసిస్‌కు అతికించేశాడు. "ఇంక దీన్ని తీయాలంటే జీపునే కొయ్యాల," అని హామీ కూడా ఇచ్చాడు. గిరిబాబు మనసు కుదుటపడి, చాలా రోజుల తర్వాత ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు. తెల్లవారుజామున జీపు స్టార్టయిన చప్పుడు వినిపించినా కలే అనుకున్నాడు.

ఐదున్నరకు లేచి చూస్తే వాకిట్లో టైరు గుర్తులున్నాయి.

"అమా! జీపు యాడమా?"

"శివకిచ్చినా. మోటరు మళ్ళా ఇరుక్కుందంట. ఆ వించ్ ఊడి రాలేదబ్బయా, ఇద్దరం పట్టి లాగినాం. వచ్చుంటే అదొక్కటే ఇచ్చుండేదాన్ని."

గిరిబాబు చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఒడ్డుకు పరుగెత్తాడు. అప్పటికే ఐదు పడవలు ఇసుక మీద వరసగా ఉన్నాయి. ఆరోది పైకొస్తోంది. జీపులో శివ ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతున్నాడు.

"రా అబ్బయా," అని గంగాధరం ఆప్యాయంగా పిలిచాడు. "భలే బండి! బోరు కాడికి పోతావుంటే నేనే ఆపి ఇటు తిప్పమన్నా. శివ తోలకం చూడు, ఒక్కసారన్నా చక్రం దిగబడలా. ఈ ఏడాదికి బండి నీది, తోలేది శివ. అందరం అనేసుకున్నాం."

"మామా, మరి నేను?"

"నీకు ప్రసాద్ గుంటల కాడ పనుందంట గదా. మీ అమ్మే శివతో చెప్పిందంట."

గిరిబాబు జీపు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. టైటస్ పనిలో వంక పెట్టడానికేమీ లేదు. ఆ బండిలో ఊడొచ్చేది ఇప్పుడు డ్రైవరు ఒక్కడే.