ఆకుపచ్చ గేటున్న ఇల్లు

ఒక దేశం తన ప్రజల ఆరోగ్యాన్ని ఎవరి చేతుల్లో పెట్టాలన్నది శాసనసభలో తేలే విషయం కాదు. ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు వడ్డించాక, నల్ల చిక్కుడు గింజల కూర చల్లారిపోతుండగా తేలాలి. ఎమెరిటా ఇంట్లో అది రెండేళ్లుగా తేలుతూనే ఉంది.

"కన్నతల్లిని తీసుకెళ్లి బేరానికి పెడతానంటావు," అంటోంది కూతురు యోర్లేని. ఆ మాట అనడం ఆ పూటకి మూడోసారి.

"బేరం కాదక్కా, వైద్యం. రెంటికీ తేడా ఏంటో మీ ఆఫీసులో చెప్పరులే," అన్నాడు తమ్ముడు విల్బెర్, చిచర్రోన్ అనే పందిమాంసం వేపుడు ముక్క మీద నిమ్మకాయ పిండుకుంటూ.

యోర్లేని జిల్లా ఆసుపత్రిలో పాత ఫైళ్ల విభాగంలో పనిచేస్తుంది. అరటితోటల్లో కూలికి పోయిన తాతలు పోరాడి తెచ్చుకున్న జాతీయ ఆరోగ్య నిధి తనొక్కతి వల్లే ఇంకా నిలబడి ఉందని ఆమె నమ్మకం. విల్బెర్ టైర్ల కొట్టు నడుపుతాడు. ఆ నిధిని ఎవరైనా కొనేసి సరిగ్గా నడిపితే దేశం బాగుపడుతుందని అతని నమ్మకం. తండ్రి అబ్దెనాగో ముప్పై రెండేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఎవరు ఎంత అరిచినా వెనక్కి తిరిగి చూడకపోవడం ఆయనకి అలవాటు.

వాదన జరుగుతున్నది తల్లి పిత్తాశయం మీద. అందులో మూడు రాళ్లున్నాయి.

ఆ మూడు రాళ్లూ ఎమెరిటావే. కానీ ఈమధ్య వాటి మీద ఆమెకి పెద్దగా హక్కు ఉన్నట్టు అనిపించడం లేదు. నొప్పి వచ్చినప్పుడు మాత్రం పూర్తిగా ఆమెవే. పొయ్యి గట్టు పట్టుకుని, కళ్లు మూసుకుని, అది వెన్నులోకి పాకి మళ్లీ దిగేదాకా నిలబడుతుంది. తరువాత వేగుతున్న పందిమాంసాన్ని తిరగేస్తుంది. వేయించినదేదీ తినకూడదని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. ప్రతి ఆదివారం అందరికీ చిచర్రోన్ వేయించి పెట్టి, తను ఉడికించిన సీమవంకాయ తింటుంది.

నిధివారి లెక్క ప్రకారం ఆమె ఆపరేషనుకి ఎదురుచూస్తున్నవారి లిస్టులో రెండువేల మూడువందల పద్నాలుగో మనిషి. వంతు రావడానికి నాలుగేళ్లు పడుతుంది. లిస్టులో ఉన్నవాళ్లు ఆరునెలలకోసారి తమకి ఇంకా జబ్బు ఉందని ధ్రువీకరించాలి. నిధివారు ఉదయం ఏడు నుంచి ఏడుంపావు మధ్య ఏదో ఒకరోజు ఫోన్ చేస్తారు. మూడు మోతల్లో ఎత్తనివారు కోలుకున్నట్లు పరిగణింపబడుదురు. (ఈ పద్ధతిలో కిందటేడాది పదకొండు వందల మంది కోలుకున్నారని నిధివారు ప్రకటించారు. ఏ దేశంలోనూ వైద్యులు ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమందిని బాగుచేసిన దాఖలా లేదు.) ఎమెరిటా రోజూ ఆ పావుగంట ఫోన్ చేత్తో పట్టుకునే స్నానాల గదికి వెళ్తుంది.

ఒకరోజు పొద్దున జిల్లా ఆసుపత్రిలో డాక్టర్ ఉలాటే ఆమె పొట్ట నొక్కి చూసి, నాలుగేళ్లు ఓపిక పట్టమన్నాడు. ఆ మధ్యాహ్నమే విల్బెర్ పట్టుబట్టి ఆమెని నగరంలో అద్దాల గోడల క్లినిక్కుకి తీసుకెళ్లాడు. అక్కడ తోలు కుర్చీలో డాక్టర్ ఉలాటే కూర్చుని ఉన్నాడు. అవే చల్లటి వేళ్లతో పొట్ట నొక్కాడు.

"గురువారం చేసేద్దామమ్మా," అన్నాడు.

"పొద్దున నాలుగేళ్లన్నారు కదా డాక్టరుగారూ."

"పొద్దున చూసిన డాక్టరుగారి అభిప్రాయం మీద నేనేమీ అనకూడదమ్మా. వృత్తి మర్యాద."

"పొద్దున చూసింది మీరే కదండీ."

"మంచి చేతివాసి ఉన్న ఆయనని విన్నాను," అన్నాడు ఉలాటే సానుభూతిగా. "పాపం, ఆయనకి టైము దొరకదు."

(ఎందుకు దొరకదో ఎమెరిటాకి అర్థమైంది. మధ్యాహ్నాలు ఆయన ఇక్కడుంటాడు.)

ఆ గురువారం రాలేదు. విల్బెర్ తల్లి పేరు మీద కట్టే బీమా వాళ్లు రాళ్ల జనన ధ్రువపత్రం అడిగారు. పాలసీ తీసుకోకముందు పుట్టిన రాళ్లకి వాళ్ల బాధ్యత లేదు. ఒక రాయి అంత పెరగడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క కట్టి, ఆరు వారాల తరువాత తీర్పు పంపారు. అన్నిటికంటే చిన్న రాయి పాలసీ తరువాతే పుట్టినదని సంతోషంతో అంగీకరిస్తున్నాము. దానిని తొలగించుటకు అనుమతి మంజూరు చేయడమైనది. పెద్దవి రెండింటినీ యథాస్థానంలో ఉంచవలెను.

"చూశావా నీ ప్రైవేటు," అంది యోర్లేని. నెలల తరువాత ఆమె మొహంలో అంత వెలుగు కనిపించింది.

"ఒక్క రాయికైనా ఒప్పుకున్నారు. మీవాళ్లు రాయిని చూడ్డానికే నాలుగేళ్లన్నారు," అన్నాడు విల్బెర్. అతనూ ఓడిపోయినట్టు లేడు.

ఇద్దరూ అంత సంతోషంగా ఉన్నప్పుడు తన నొప్పి సంగతి ఎత్తడం బాగుండదని ఎమెరిటా గిన్నెలు తీసింది.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. ఒక శనివారం విల్బెర్ నారింజరంగు డబ్బాతో వచ్చి, వీధి గేటు ఎడమ రెక్కకి తన పార్టీ రంగు వేశాడు. తల్లిదండ్రుల గేటు మీద తనకీ సగం హక్కుందన్నాడు. మధ్యాహ్నానికల్లా యోర్లేని ఊదారంగు తెచ్చి కుడి రెక్క పూర్తి చేసింది. ఇరవై ఆరేళ్లుగా ఆ గేటు ఆకుపచ్చది. అబ్దెనాగో రెండు రెక్కల్నీ కాసేపు చూసి, లోపలికెళ్లి రేడియో పెట్టుకున్నాడు. ఎమెరిటా పెరట్లో బట్టలుతుకుతోంది.

మే నెల వచ్చింది. ఆరునెలలు దాటినా ఏడింటి ఫోన్ రాకపోవడంతో ఎమెరిటా స్వయంగా వెళ్లి తనకింకా జబ్బు ఉందని చెప్పుకుందామని నిధి కార్యాలయానికి వెళ్లింది. కిటికీ వెనక జెన్నోరి అనే గుమాస్తా ఫైలు తెరిచి కళ్లజోడు సర్దుకుంది.

"మీ రాళ్లు తీసేసి ఉండాలి కదమ్మా."

"ఎవరు తీశారు?"

"మార్చి పదకొండో తేదీకి ఖాళీ దొరికింది. ఎవరో ఆపరేషను వద్దన్నారు. చనిపోయారనుకుంటా. ఆ తేదీ మీకిచ్చి, మనిషి చేత ఉత్తరం పంపాం." ఆమె ఇంకో కాగితం తిప్పింది. "ఇదిగో, అతను రాసింది."

ఎమెరిటా కాగితం అందుకుని చదువుకుంది.

'చిరునామా: ఎస్త్రెయా కొట్టు ఉండిన చోటు నుంచి డెబ్బై అయిదు మీటర్లు పడమరకు, ఆకుపచ్చ గేటున్న ఇల్లు. కొట్టు ఉండిన చోటికి చేరి, డెబ్బై అయిదు మీటర్లు పడమరకు నడిచితిని. అచ్చట ఆకుపచ్చ గేటు లేదు. సగం నారింజ, సగం ఊదా రంగు గల గేటు కలదు. రంగు తడిగా ఉన్నది. మూడుసార్లు పిలిచితిని. లోపల ఒక పురుషుడు, ఒక స్త్రీ దేశ ఆరోగ్య విధానము గురించి బిగ్గరగా వాదించుకొనుచుండిరి. ఎవరూ బయటికి రాలేదు. రోగి ఈ చిరునామాలో లేరు.'

(ఆ ఊళ్లో ఇళ్లకి నంబర్లుండవు, గుర్తులే చిరునామా. ఎస్త్రెయా కొట్టు కాలిపోయి ముప్పై ఏళ్లయింది. దాన్ని కనుక్కోవడంలో అతనికి ఏ ఇబ్బందీ కలగలేదు.)

ఎమెరిటా కాగితాన్ని రెండోసారి చదివింది. కిటికీ గట్టు మీద చెయ్యి ఆనించి, వెన్నులోకి పాకేది దిగేదాకా కళ్లు మూసుకుంది.

"ఇప్పుడు నా నంబరెంత?"

"చిరునామా తప్పిచ్చినవాళ్లు చివర్లో చేరతారమ్మా. మూడువేల ఆరువందలు చిల్లర." జెన్నోరి అటూ ఇటూ చూసి, కిటికీ కన్నం దగ్గరికి వంగింది. "మా పిన్నికీ ఇదే జబ్బు. లిస్టు నడిచొచ్చేవాళ్లకేనమ్మా. మోసుకొచ్చినవాళ్లకి లిస్టు ఉండదు. కళ్లు పచ్చబడి, వాంతులతో అత్యవసర విభాగానికి తీసుకొస్తే ఆ పూటే కోసేస్తారు. ఫారం కూడా తరువాతే నింపుతారు."

"నడిచొస్తే?"

"నడిచొస్తే నా కిటికీకే రావాలి."

ఎమెరిటా ఆ కాగితం నకలు అడిగి తీసుకుని, ఆమెకి నమస్కారం చెప్పి బస్సెక్కింది. ఇంటికి రెండు స్టాపుల ముందే దిగి రంగుల కొట్టుకి వెళ్లింది. అక్కణ్ణుంచి మాంసం కొట్టుకి వెళ్లి, ఎప్పుడూ కొనేదానికంటే అరకిలో ఎక్కువ తీసుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాదన కొత్త దశకి చేరింది. ఓడిపోయిన పార్టీ ఎందుకు ఓడిపోయిందన్నది కూడా అందులో కలిసింది.

"జనానికి బుద్ధుంటే మీకా ఓట్లేస్తారు?" అంటోంది యోర్లేని.

"లైన్లో నిలబడీ నిలబడీ బుద్ధి మోకాళ్లలోకి దిగిపోయిందక్కా జనానికి. మీ పుణ్యమే."

ఎమెరిటా సీమవంకాయ గిన్నె పక్కకి జరిపింది. పళ్లెంలోంచి ఆరు చిచర్రోన్ ముక్కలు, కొవ్వు ఎక్కువున్నవి ఏరి, తన కంచంలో వేసుకుంది. నిమ్మకాయ పిండుకుంది. రెండు ముక్కలు తిన్నాక గానీ అబ్దెనాగో చూడలేదు.

"ఎమెరిటా, అది నీకు పడదు కదా."

"పడదనే తింటున్నా."

రెండేళ్ల తరువాత ఆ రుచి. ఆమె తొందరపడకుండా నమిలింది. యోర్లేని, విల్బెర్ ఆమె కంచం వైపు తిరిగారు. ఆమె మూడో ముక్క పూర్తిచేసి, వేళ్లు తుడుచుకుని, ఆదివారం ఎవరికేం వండాలో చెప్పే గొంతుతోనే చెప్పింది.

"అయిదింటికల్లా నొప్పి మొదలవుతుంది. బట్టల సంచి తలుపు దగ్గర పెట్టాను. బండి మీ నాన్న నడుపుతారు, ఆయనకి ఏ పార్టీ లేదు. నన్ను మోసుకుని లోపలికి తీసుకెళ్లండి. నేను నడుస్తానన్నా నడవనివ్వొద్దు."

"అమ్మా, ఇలా చేస్తే చచ్చిపోతావే," అంది యోర్లేని. ఆ గొంతులో ఆఫీసు లేదు.

"చచ్చేలా ఉంటే లోపలికి తీసుకుంటారు, చావకపోతే లిస్టులో పెడతారు. రెంటికీ మధ్య ఎక్కడో ఆగాలి. కనుక్కుంటాలే. ముప్పై ఏళ్లుగా లేని కొట్టు నుంచి ఇంటికి దారి చెప్తున్నదాన్ని."

విల్బెర్ ఏదో అనబోయాడు. ఆమె జేబులోంచి మడిచిన కాగితం తీసి, బల్ల మీద ఇద్దరి మధ్యా పెట్టింది. అక్కాతమ్ముళ్లు తలలు దగ్గరపెట్టి చదివారు. ఒకే కాగితాన్ని ఇద్దరూ కలిసి చదవడం స్కూలు రోజుల తరువాత అదే మొదలు. 'బిగ్గరగా వాదించుకొనుచుండిరి' దగ్గర ఇద్దరూ ఒకేసారి ఆగారు.

"మెట్ల కింద ఆకుపచ్చ డబ్బా, రెండు బ్రష్షులు ఉన్నాయి," అంది ఎమెరిటా నాలుగో ముక్క తీసుకుంటూ. "నేను తిరిగొచ్చేసరికి గేటు పూర్తవ్వాలి. ఆపరేషను అయిపోయినా సరే, నా పేరు లిస్టులోంచి తీయించకండి. వంతు వచ్చేసరికి మీలో ఒకరికి పనికొస్తుంది."