అత్తగారి కుర్చీ, నాలుగో కోచ్

ఆయన్ని వీధిలో అందరూ ఈసారి బాబాయ్ అంటారు. సోఫాలకూ కుర్చీలకూ గుడ్డ తొడగడం ఆయన వృత్తి, పచ్చ చొక్కాల ఫుట్‌బాల్ జట్టు మీద ఆశ పెట్టుకోవడం ఆయన జబ్బు. సీజన్ మొదలవగానే దుకాణం గుమ్మంలో నిలబడి, "ఈసారి చూడండి" అంటాడు. సగం సీజన్ గడిచాక అదే గుమ్మంలో నిలబడి, "ఈసారికి ఇంతే" అంటాడు. ఈ రెండు మాటలకీ మధ్య ఎవరో ఒక కోచ్ ఉద్యోగం ఊడుతుంది.

మొదట వచ్చిన గడ్డం కోచ్‌ని బాబాయ్ సాక్షాత్తూ దేవుడన్నాడు. వరసగా మూడు మ్యాచ్‌లు పోయేసరికి ఆ దేవుడికి గోల్‌పోస్టు ఎటువైపు ఉంటుందో కూడా తెలియదన్నాడు. తరవాత పొడుగు కోచ్ వచ్చాడు, వెళ్ళాడు. ఆ తరవాత వచ్చిన ఈల కోచ్, నోట్లోంచి ఈల తీసి మాట్లాడటం నేర్చుకునేలోపే వెళ్ళాడు. ఇప్పుడు నాలుగో ఆయన, టోపీ కోచ్.

"ఈ టోపీ ఆయన మన జట్టు రాత మారుస్తాడు, చూస్తూ ఉండు" అన్నాడు బాబాయ్, కాఫీ తాగుతూ.

"మా అమ్మ కుర్చీ గుడ్డ ఎప్పుడు మారుస్తారు?" అంది భార్య.

ఆవిడ వీధి చివర పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. "నొప్పి తగ్గిపోయిందండీ, వచ్చే వారం వస్తా" అని మెల్లగా జారుకునేవాళ్ళని ఏళ్ళ తరబడి చూసింది. అబద్ధం ఇంకా గొంతులో ఉండగానే పట్టుకోవడం ఆవిడకి అలవాటైపోయింది.

కుర్చీ సంగతి ఏమిటంటే, అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఇన్నాళ్ళూ కొడుకింట్లో ఉంది, ఈ ఆదివారం రెండు వారాలుండి వెళ్ళడానికి కూతురింటికి వస్తోంది. ఎత్తుగా, గట్టిగా ఉండే తన చేతుల కుర్చీలోంచి తప్ప ఆవిడ లేవలేదు. అందుకే కుర్చీని ముందే పంపించింది, తను నాలుగు కొట్లు తిరిగి ఏరుకున్న ఆకుపచ్చ గుడ్డతో సహా. కుర్చీ వచ్చిన రోజే బాబాయ్ ఉత్సాహంగా పాత గుడ్డ, పాత స్పాంజి పీకి పారేశాడు. అదే రోజు టోపీ కోచ్‌ని ప్రకటించారు. అప్పట్నించీ కుర్చీ హాల్లో చట్రంగానే నిలబడి ఉంది.

"దేనికైనా కాస్త టైం ఇవ్వాలి కదే" అన్నాడు బాబాయ్.

"మీరు కోచ్‌లకి ఎంత టైం ఇచ్చారు?"

"అది వేరు. వాళ్ళు జీతం తీసుకుంటున్నారు."

"మీరు మూడు పూటలా భోజనం చేస్తున్నారు."

బాబాయ్ కాఫీ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ మాత్రం ఊరుకోలేదు. "అన్నయ్య సరిగ్గా చూసుకోవట్లేదని దెబ్బలాడి మరీ అమ్మని తెచ్చుకుంటున్నాను. రోజూ లేపి కూర్చోబెట్టాలన్నాడు మోకాలి డాక్టరు. తీరా వచ్చాక కూర్చోడానికి కుర్చీ లేదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అంది. ఆ మాటకి బాబాయ్‌కి నిజంగానే జాలి వేసింది. శనివారం సాయంత్రానికల్లా కుర్చీ తయారుగా ఉంటుందని మాటిచ్చాడు.

ఈలోగా టోపీ కోచ్ కూడా వరసగా రెండు మ్యాచ్‌లు ఓడాడు.

"ఊరుకుంటే లాభం లేదు బాబాయ్" అన్నాడు పక్క కొట్టు క్షౌరశాల ఆయన. అందరూ కత్తెర అని పిలుస్తారు. "శనివారం మధ్యాహ్నం మ్యాచ్‌కి బ్యానరు పట్టుకెళ్దాం."

బాబాయ్ ఇదివరకు రెండు బ్యానర్లు కుట్టి దెబ్బతిన్నాడు. పొడుగు కోచ్ పేరుతో రాసినదాని రంగు ఆరకముందే పొడుగు కోచ్‌ని తీసేశారు. ఈల కోచ్‌దైతే సూదిలో దారం ఎక్కించేసరికే ఆయన విమానం ఎక్కేశాడు. అంచేత ఈసారి బుర్ర ఉపయోగించాడు. కింద పెద్ద అక్షరాలతో 'ఇక చాలు, వెళ్ళిపో' అని శాశ్వతంగా ఉంటుంది. పైన ఖాళీ జాగాలో వెల్‌క్రో పట్టీ. ఎవరి మీద కోపం వస్తే వాళ్ళ పేరు ముక్క అంటించుకోవచ్చు. ఇలాంటి బ్యానరు ప్రపంచంలో ఇంకెక్కడా లేదని కత్తెర మెచ్చుకున్నాడు.

గుడ్డ మాత్రం జట్టు రంగులో ఉండాలి. దుకాణమంతా వెతికితే అచ్చం ఆ పచ్చ రంగు ఒక్క తానులోనే కనిపించింది. అది అత్తగారిది.

"ఒక్క పూటేగా" అన్నాడు కత్తెర. "నా దగ్గర జుట్టు రంగు ఉంది, దాంతో రాద్దాం. తలకి వేసిందే నెల తిరక్కుండా తెల్లబడిపోయిందని జనం మళ్ళీ వస్తారు. గుడ్డ మీద ఎన్నాళ్ళుంటుంది? ఒక్క ఉతుకుతో పోతుంది."

తెల్లబడేది రంగు పోయి కాదు, జుట్టు పెరిగి అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఒకాయనది కత్తిరించే వృత్తి, రెండో ఆయనది బట్టతల.

శనివారం మధ్యాహ్నం సంచీ భుజాన వేసుకుంటున్న బాబాయ్‌ని భార్య గుమ్మంలో ఆపింది. "ఎక్కడికి?"

"ఒకాయన సోఫా కొలతలు తీసుకోవాలి."

"టేపు గోడకే వేలాడుతోంది."

"కంటితో తీసుకుంటాను. అనుభవం ఉంది కదా" అని, ఆవిడ ఇంకో ప్రశ్న వేసేలోపు మెట్లు దిగేశాడు.

స్టేడియంలో బ్యానరు అదిరిపోయింది. పైన 'టోపీ', కింద 'ఇక చాలు, వెళ్ళిపో'. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి వెల్‌క్రో పీకి, అంటించి, ముచ్చటపడ్డారు. అంతా సవ్యంగా జరిగిపోయేదే, చివరి నిమిషంలో పచ్చ చొక్కాల జట్టు గోలు కొట్టి గెలవకపోతే. ఎన్ని నెలలకో వచ్చిన గెలుపు. బాబాయ్‌కి ఒళ్ళు తెలియలేదు. కోపం సంగతి మరిచిపోయి, కత్తెరని కావలించుకుని, బ్యానరు తలమీద గిరగిరా తిప్పుతూ ఎగిరాడు. వెళ్ళిపో అని రాసిన గుడ్డ ఊపుతూ ఆనందంతో ఏడుస్తున్న మనిషి దొరికితే టీవీ కెమెరా వదులుతుందా? తీరుబడిగా చూపించింది.

ఇంటికొచ్చేసరికి హాల్లో మంచం మీద అత్తగారు కూర్చుని ఉంది. కొడుక్కి ఇవాళే కారు కుదిరిందట, ఒకరోజు ముందే దింపేసి వెళ్ళాడు. ఎదురుగా టీవీ. పక్కన భార్య. మధ్యలో కుర్చీ చట్రం.

"కొలతలు కుదిరాయా?" అంది భార్య.

"ఆ, కొంచెం పెద్ద సోఫానే."

"మమ్మల్ని కూడా పిలవాల్సింది అల్లుడూ" అంది అత్తగారు. "అంత జనం ఉన్నారు, తలా ఓ చెయ్యి వేసేవాళ్ళం."

బాబాయ్ సంచీని మెల్లగా వీపు వెనక్కి జరిపాడు. "నాలాంటివాణ్ణి ఎవరినో చూసి ఉంటారండీ. టీవీలో అందరూ ఒకేలా కనిపిస్తారు."

"మొహం సంగతి వదిలెయ్యండి" అంది భార్య. "కోచ్‌ని తిట్టే బ్యానరుకి నాలుగు అంచులా తాడు పెట్టి పైపింగు వేసి, మూలలు గుండ్రంగా తిప్పి, రెండు వరసల కుట్టు కుట్టే మనిషి ఈ భూమ్మీద ఇంకొకరున్నారా? దిండు కుట్టినట్టు కుట్టారు. గుడ్డ కూడా ఎక్కడో చూసినట్టే ఉంది."

నిజమే. బాబాయ్ పైపింగు వెయ్యకుండా ఇంతవరకు చేతిరుమాలు కూడా కుట్టలేదు.

మర్నాడు పొద్దున్నించీ గుడ్డని ఉతికాడు, నానబెట్టాడు, రుద్దాడు. సబ్బు అరిగింది, చేతులు అరిగాయి, రంగు మాత్రం ఇంకా నల్లగా నిగనిగలాడింది. తిరగేసి చూస్తే అవతలి వైపుకీ దిగిపోయింది. కత్తెరకి ఫోను చేస్తే, "మంచి కంపెనీది బాబాయ్, ఊరికే పోదు" అన్నాడు గర్వంగా. ఆ రంగు గుడ్డ ఇంకే కొట్లోనూ దొరకలేదు. వేరే రంగు తేనా అంటే అత్తగారు తల అడ్డంగా ఊపింది. ఆవిడ నిన్నట్నించీ మంచం మీదే ఉంది, లేవాలంటే ఇద్దరు పట్టుకోవలసి వస్తోంది. ప్రతిసారీ భార్య బాబాయ్ వంక ఒక్క చూపు చూస్తోంది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

అంచేత తన విద్యంతా ఉపయోగించాడు. స్పాంజి గట్టిది ఏరి పెట్టాడు. గుడ్డని అటూ ఇటూ తిప్పి, కత్తిరించి, 'ఇక చాలు'ని సీటు అడుగుకి నెట్టేశాడు. కానీ వీపు భాగానికి సరిపడే పెద్ద ముక్క ఒక్కటే మిగిలింది. ఎలా తిప్పినా అందులో 'వెళ్ళిపో' వచ్చి కూర్చుంది. పైన వెల్‌క్రో పట్టీ కూడా.

కుర్చీ హాల్లోకి వచ్చింది. అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది.

"నన్నే అంటున్నావా అల్లుడూ?"

"అయ్యయ్యో, కోచ్‌నండీ అత్తయ్యగారూ."

"వచ్చి మూణ్ణాళ్ళు కాకుండానే పొమ్మంటే ఎలా? పాపం, ఎవరికైనా కుదురుకోడానికి టైం ఇవ్వొద్దూ?"

"ఇవ్వాలండీ" అన్నాడు బాబాయ్, చెమట తుడుచుకుంటూ. "తప్పకుండా ఇవ్వాలి. తొందరపడ్డాను."

"ఎంత ఇవ్వాలంటారు?" అంది భార్య చాలా నెమ్మదిగా.

ఆ నెమ్మది చూసి అయినా జాగ్రత్తపడాల్సింది. కానీ అత్తగారి మొహం తేటపడుతుంటే బాబాయ్‌కి ఊపిరి తిరిగి, ఉత్సాహం ముంచుకొచ్చింది. "వచ్చినవాళ్ళని సీజన్ మొత్తం ఉండనివ్వాలండీ. మధ్యలో పంపెయ్యడం మర్యాదా?" అన్నాడు.

"విన్నావుగా అమ్మా" అంది భార్య. "రెండు వారాలేమిటి, ఇంకొన్నాళ్ళుండమని నేను మొత్తుకుంటుంటే, అల్లుడు ఏమనుకుంటాడో అన్నావు. ఆయన నోటితో ఆయనే అన్నారు."

అత్తగారు కూతురి చెయ్యి పట్టుకుని లేచి, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. 'వెళ్ళిపో' ఆవిడ వీపు వెనక మాయమైంది. తరవాత చేతుల మీద బలం ఉంచి, ఎవరి సాయం లేకుండా లేచి, మళ్ళీ కూర్చుంది. "సీటు బాగా కుదిరింది అల్లుడూ" అంది. భార్య కళ్ళు తుడుచుకుంది. అది చూసి బాబాయ్‌కి సీజన్ అంటే ఎన్ని నెలలో లెక్క వెయ్యాలనిపించలేదు.

మర్నాటికి అనిపించింది. కొడుకింట్లో మంచాన పడి ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఫుట్‌బాల్ తప్ప ఇంకేమీ చూడలేదట. ఇప్పుడు ప్రతి మ్యాచ్‌కీ ఆవిడ కుర్చీలో, బాబాయ్ కింద చాప మీద. జట్టు ఎప్పటిలాగే ఓడుతూనే ఉంది. ఓడినప్పుడల్లా బాబాయ్, "అసలు ఈ టోపీ కోచ్‌ని..." అని మొదలుపెడతాడు.

అత్తగారు ఏమీ అనదు. కుర్చీలో కొంచెం ముందుకి వంగుతుంది. వెనక అక్షరాలు కనిపిస్తాయి. భార్య వంటింట్లోంచి తొంగి చూస్తుంది.

"...కుదురుకోనివ్వాలండీ. టైం పడుతుంది" అంటాడు ఈసారి బాబాయ్.

అత్తగారు మళ్ళీ వెనక్కి ఆనుకుంటుంది.