నాట్ ఎటాల్!

నా కుడిచేతి మీదున్న ఈ కాలిన మచ్చ గురించి మన వీధిలో ఇప్పటికే మూడు కథలు నడుస్తున్నాయి. ఒకదాంట్లో మా ఆవిడ చేతిలో అట్లకాడ కూడా ఉందట. అబద్ధం. అట్లకాడ నా చేతిలోనే ఉంది. అసలు జరిగింది నేను చెబుతాను, వినండి.

మా ఆవిడ స్నేహలత తెనాలిలో ఓ ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లుగా పదో తరగతికి లెక్కలు చెబుతోంది. ఈ ఏడు యాజమాన్యం మారింది. కొత్తవాళ్లు వస్తూనే, టీచర్లందరూ బాపట్ల వెళ్లి ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష రాయాలన్నారు. మాట్లాడే పరీక్షని రాయడమేంటో నన్నడగొద్దు. పాసైతే పదో తరగతి ఉంటుంది, లేకపోతే ఒకటో తరగతిలో కూర్చుని ఎక్కాలు చెప్పుకోవాలి. బోర్డు మీద ఇంగ్లీషులో గడగడా రాసేసే మనిషి, నోటితో చెప్పమంటే మాత్రం తడబడుతుంది. ఆ వారమంతా ఆవిడకి అన్నం సయించలేదు.

నేను ఎరువుల కంపెనీ రిప్రజెంటేటివ్‌ని. నెలకోసారి మా మేనేజరు ఫోన్లో ఇంగ్లీషులో చివాట్లు పెడతాడు. ఆ అనుభవం ఉంది కాబట్టి, ఓ పుస్తకం కొనుక్కొచ్చి, నేను నేర్పుతానన్నాను.

పరీక్ష ఎలాగంటే, కంప్యూటరు ఒక సందర్భం చెబుతుంది. పక్కింటాయన నిచ్చెన అడిగాడనో, రేపల్లె బస్సులో మీ సీట్లో ఇంకెవరో కూర్చున్నారనో. తర్వాత బీప్ అంటుంది. ఇరవై సెకన్లలో మర్యాదగా జవాబివ్వాలి.

"నీ స్నేహితురాలు టీ తాగమంది. బీప్!" అన్నాను.

"నో నో, ఎందుకండీ శ్రమ, ఇప్పుడే తాగొచ్చాను" అంది, ఇంగ్లీషు రెండు ముక్కల దగ్గరే ఆగిపోయి.

"అదేంటి, టీ వద్దా?"

"కావాలి. ఇంకోసారి అడిగితే పుచ్చుకుంటాను."

"కంప్యూటరు రెండోసారి అడగదు లతా."

"మరి మర్యాద లేంది దానికా, నాకా?"

నేను గబగబా పేజీ తిప్పాను. అక్కడ కనబడింది నాకు పెన్నిధి.

"వుడ్ యూ మైండ్ మేకింగ్ కాఫీ?" అన్నాను.

"నా మైండ్‌కేమైందండీ, బానే ఉంది."

"మైండంటే ఇక్కడ బుర్ర కాదు. కాఫీ పెట్టడానికి అభ్యంతరమా అని అడుగుతున్నా."

"ఓహో. యెస్, యెస్."

"యెస్ అంటే అభ్యంతరం ఉన్నట్టు. నాట్ ఎటాల్ అనాలి."

"అస్సలు కాదు అంటే, సంతోషంగా పెడతానని అర్థమా?"

"ఇంగ్లీషు మర్యాద అంతే. ఎంత గట్టిగా అంటే అంత ఇష్టమన్నమాట."

ఆ చివరి మాట పుస్తకంలో లేదు. నేనే కలిపాను. ఇప్పుడు తలుచుకుంటే నాలిక కోసుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో సాధన మొదలైంది. వుడ్ యూ మైండ్ అంటే కాఫీ వచ్చేది. వుడ్ యూ మైండ్ అంటే చొక్కా ఇస్త్రీ అయ్యేది. పదిహేను రోజులు పుస్తకంలో ఏడో పేజీ దాటలేదు. దాటాల్సిన అవసరం నాకేం కనబడలేదు.

సుఖం ఒంటరిగా అనుభవిస్తే చాలదు కదా, నలుగురికీ చూపించాలి. టైలర్ చాంద్ బాషానీ, బాబూరావునీ ఆదివారం భోజనానికి పిలిచాను. బాబూరావంటే మీకు తెలిసినవాడే. ఏ విస్తరి ముందు కూర్చున్నా "ఇంకొంచెం" అనే మాట తప్ప మరోటి రాదని ఇంకొంచెం బాబూరావనే పేరొచ్చింది. "మా ఆవిడకి ముందు చెప్పను. అయినా కాదనదు, చూద్దురుగాని" అని కోతలు కోశాను. సోమవారమే ఆవిడ పరీక్ష. ఆ సంగతి తెలిసే పిలిచాను. తప్పే.

వాళ్లొచ్చి కూర్చున్నాక, గొంతు సవరించుకుని, "లతా, వుడ్ యూ మైండ్ కుకింగ్ లంచ్ ఫర్ అవర్ ఫ్రెండ్స్?" అన్నాను.

ఆవిడ లేచి నిలబడి చక్కగా నవ్వింది. "ఐ వుడ్ లవ్ టు. బట్ ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్. ఐ హావ్ ఎ టెస్ట్ టుమారో. వై డోంట్ యూ కుక్?"

ఒక్క తడబాటు లేదు.

"ఏంటి బావా, చెల్లెమ్మ అఫ్రెయిడ్ అంటోంది, భయపడుతోందా?" అన్నాడు బాబూరావు.

"చెల్లెమ్మకేం భయం? వంట ఈయన చేస్తే భయపడాల్సింది మనం" అన్నాడు చాంద్ బాషా.

ఆవిడని వంటింట్లోకి పిలిచి అడిగాను. "ఇదెక్కడ నేర్చావు?"

"మీ పుస్తకంలోదేనండీ. మీరు ఏడో పేజీ దగ్గర ఆపేశారు కదా. ఎనిమిదో పేజీ మర్యాదగా కాదనడం గురించి. మీరు ఊళ్లు తిరగడానికి వెళ్లినప్పుడు పూర్తిచేశాను."

వంకాయలు నూనెలో పడ్డాయి, నూనె నా చేతిమీద పడింది. మచ్చ అదే. ఇంకొంచెం బాబూరావు తన జీవితంలో మొట్టమొదటిసారి "చాలు" అన్నాడు.

మర్నాడు చేతికి మందు రాసుకుని బాపట్లకి ఆవిడ వెంట రైలెక్కాను. పరీక్ష జరుగుతున్నంతసేపూ బయట మెట్ల మీద కూర్చున్నాను. పదకొండేళ్ల ఉద్యోగం గురించి ఆవిడ గుబులుపడుతుంటే, నేను కాఫీలు తాగుతూ గడిపాను. సిగ్గేసింది.

ఆవిడ బయటికొచ్చింది. "చివరి ప్రశ్న ఏంటో తెలుసా? మీవారు చెప్పకుండా చుట్టాల్ని తీసుకొచ్చారు, ఏమంటారు అని! నిన్నటిదే చెప్పేశా."

"సారీ లతా" అన్నాను.

"అరె, బీప్ అనకముందే చెప్పారే!" అంది.

వారంలో ఫలితం వచ్చింది. పాసైంది. పదో తరగతి ఆవిడదే. నిజం చెప్పొద్దూ, ఆవిడకంటే నాకే ఎక్కువ ఆనందమైంది. అదీ ఇదీ అనకుండా, దొరికిన స్వీటల్లా కొని వీధంతా పంచాను.

ఆ ఆదివారం పేపరు చదువుకుంటుంటే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. తలెత్తితే మా ఆవిడ వెనక ఎనిమిదిమంది టీచర్లున్నారు.

"ఏవండీ, వుడ్ యూ మైండ్ కుకింగ్ లంచ్ ఫర్ అవర్ ఫ్రెండ్స్?"

ఎనిమిదిమంది! చెయ్యి ఇంకా మానలేదు. ఒళ్లు మండిపోయింది. ఏడో పేజీ, ఎనిమిదో పేజీ రెండూ మర్చిపోయాను. ససేమిరా కుదరదని చెప్పాలన్న ఒకే ఒక్క ఉద్దేశంతో, ఇల్లదిరిపోయేలా అరిచాను.

"నాట్ ఎటాల్!"

ఎనిమిదిమందీ చప్పట్లు కొట్టారు. "ఎంత మంచివారండీ మీవారు!" అంది ఇంగ్లీషు టీచరమ్మ.

"అంత గట్టిగా అన్నారంటే ఎంత ఇష్టమో చూడండి" అంటూ మా ఆవిడ అట్లకాడ తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇదిగో, పెద్ద మచ్చ పక్కన ఈ చిన్నది కనబడుతోందా? ఇది అప్పటిది.