రాతి చర్చి, వడ్రంగి పిట్ట

హార్లో ఫాల్స్ పట్టణ చర్చి రాతి కట్టడమనీ, పక్షులతో సహా ఎవరూ ఇందుకు విరుద్ధంగా ప్రవర్తించరాదనీ వారసత్వ కట్టడాల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

వడ్రంగి పిట్ట ఆ సమావేశానికి రాలేదు. గంట గోపురాన్ని టకటకా పొడుస్తూనే ఉంది. నిజానికి చర్చంతా చెక్కే. కట్టిన కాలంలో రాయి కొనే స్తోమత లేక, చెక్క పలకల మీద గాట్లు పెట్టి, రాయిలా కనబడేట్టు ఇసుక కలిపిన రంగు లోపలా బయటా పూశారు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. పైకి అనడం మాత్రం మర్యాద కాదు. ‘జిల్లాకంతటికీ ఒకే రాతి చర్చి’ అని ఊరి మొదట్లో బోర్డుంది మరి.

పాస్టర్ లోయిస్ టిబ్బెట్స్ బెంగ వేరు. సరిగ్గా ఆ గంట కిందే పిల్లలు నిలబడి పాటలు పాడతారు. ఆదివారం వస్తే ఆమె చూపు గంట మీదే ఉండేది. చివరికి వారసత్వ సంఘం అధ్యక్షుడు వర్జిల్ క్రాండల్ దగ్గరికి వెళ్లింది.

"గంట మోసే దూలాలు పుచ్చిపోయాయండీ. వడ్రంగిని పిలుస్తాను."

"రాయి పుచ్చడమేమిటి పాస్టరమ్మా? కావాలంటే తాపీమేస్త్రీని పిలవండి."

"పిలిచాను. గోడ తట్టి చూసి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు."

"నవ్వాడంటే బాగున్నట్టే."

వార్షికోత్సవం నాడు క్రాండల్ గంట కింద నిలబడి ఉపన్యసించాడు. "ఈ శిల చూడండి," అంటూ గోడను గట్టిగా చరిచాడు. చెయ్యి మోచేతిదాకా లోపలికి పోయి ఇరుక్కుంది.

జనం నేల చూపులు చూశారు. "కాస్త మెత్తరకం రాయి," అన్నాడాయన.

లోయిస్ రంపం తెచ్చింది. "కొయ్యమంటారా?"

"రాతిని రంపంతో కోస్తారా ఎవరైనా? మేస్త్రీని పిలవండి."

"సోమవారంగాని రాడు. అందాకా ఇక్కడే ఉండండి," అని ఆమె ఆయనకు కుర్చీ వేసింది.

పైన పిట్ట పనిలోకి దిగింది. ఆయన బట్టతల మీద చెక్కపొట్టు రాలింది. గంట కిర్రుమంది. ఆయన తలెత్తి, బహుశా మొదటిసారి, దాన్ని చూశాడు.

"చెక్కే తల్లీ! గోడా, దూలాలూ, అంతా చెక్కే! త్వరగా కొయ్యి!"

"వడ్రంగిని పిలవనా మరి?"

"పదిమందిని పిలువు!"

నెల తిరక్కుండా గోపురం బాగుపడింది. పిల్లలు నిశ్చింతగా పాడుకుంటున్నారు. బోర్డు మీద ఇప్పుడు ‘జిల్లాకంతటికీ ఒకే చెక్క చర్చి’ అని ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో ఇంకో నాలుగు చెక్క చర్చిలున్నాయి. అవన్నీ రాతివేనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.